నిద్రపోని బండి

బుధవారం పొద్దున కోడలుగారు తనే షెడ్డు దాకా నడిచి వచ్చింది. మామూలుగా నాతో పని ఉంటే వంటింటి కిటికీలోంచి కేకేస్తుంది. నడిచి వచ్చిందంటే మంచికి కాదని నాకు తెలుసు. చేతిలో టీ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాను.

"డ్రైవర్‌గారూ, ఈ ఒక్క ఆదివారం చూస్తాను," అంది. "బండి స్టార్ట్ అయి, వెళ్లి, మళ్లీ తన కాళ్ల మీద తను ఇంటికొస్తే సరే. లేదంటే సోమవారం కొనేవాళ్లు వస్తున్నారు."

"అమ్మా, బ్యాటరీ కొత్తది వేశాం కదా..."

"అది రెండోది. బండే లేకపోతే మీకు ఇక్కడ పనేముంటుంది చెప్పండి? గది ఖాళీ చెయ్యడానికి నెలాఖరు దాకా టైం తీసుకోండి. మీరు పెద్దవారు, ఈ మాట అనాలంటే నాకూ కష్టంగానే ఉంది."

ఏం కష్టం లేదు. చెప్పేసి, చెప్పుకి అంటిన గ్రీజు గచ్చుకి రాసుకుని వెళ్లిపోయింది.

ఆవిడ నన్ను గారు అంటుంది, మీరు అంటుంది. పెద్దాయన, అంటే ఆవిడ మామగారు, ఇరవై రెండేళ్లూ నన్ను ఒరేయ్ అనే పిలిచాడు. ఒరేయ్ అన్న మనిషి మా ఆవిడ ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రి బల్ల మీద నా పక్కనే రోజంతా కూర్చున్నాడు. గారు అనే మనిషి గది ఖాళీ చెయ్యమంటోంది. పుస్తకాల్లో రాసే మర్యాదల సంగతి నాకు తెలీదు, ఏడో తరగతిలోనే బడి మానేశాను. కానీ ఏ పిలుపులో ఏముందో చెవిన పడగానే తెలుస్తుంది.

పెద్దాయన అరవై దాటాక ఈ బండి కొన్నాడు. ఇద్దరే పట్టే బండి. నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. అందులోకి ఎక్కడం కాదు, దిగాలి. ఇంజను వెనకాల, బ్యాటరీ ముందు. "తల, తోక తారుమారై పుట్టిందిరా ఇది" అని నవ్వేవాడు. రోజూ పొద్దున ఆరింటికి తనే నడిపేవాడు, నేను పక్కన కూర్చునేవాణ్ణి. పక్కన కూర్చునే డ్రైవరుకి జీతమెందుకని అందరూ నవ్వారు. నవ్వనీ. కడగడం, తుడవడం, గాలి చూడటం, ఆయన కళ్లజోడు మరిచిపోతే పరిగెత్తుకెళ్లి తేవడం, ఇవన్నీ ఎవరి తాత చేస్తాడు?

అయిదు నెలల కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. మాటల్లో మిగిలింది "ఊ" ఒక్కటే. ఔనన్నా ఊ, కాదన్నా ఊ. సాగదీసినదాన్ని బట్టి మనం తెలుసుకోవాలి. కొడుకు ఓడల మీద ఉద్యోగం, ఏడాదికి రెండుసార్లు ఇంటికొస్తాడు. ఇంటి భారమంతా కోడలుగారిదే. మామగారికి స్నానం కూడా ఆవిడే చేయిస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

మూడు నెలల కిందట చక్రాల కుర్చీ ఎక్కించే వ్యాన్ ఒకటి కొన్నారు. దాన్ని ఆవిడే నడుపుకుంటుంది. షెడ్డులో ముందు జాగా వ్యాన్‌కి పోయింది. పెద్దాయన బండిని నేనే వెనక్కి తోసి, చివర ప్లైవుడ్ గోడకి ఆనించినట్టు పెట్టాను. ఆ ప్లైవుడ్ గోడకి ఇవతల మా గది. మా మంచానికీ బండి వెనక బంపరుకీ మధ్య మూరెడు దూరం కూడా ఉండదు.

ఇక మిగిలింది ఆదివారం ఒక్కటే. పది గంటలకి ఆయన్ని కుర్చీలోంచి లేపి, ఆవిడ ఒక వైపు, నేను ఒక వైపు పట్టుకుని, ఆ పక్క సీట్లోకి దించుతాం. ఇప్పుడు నేను నడుపుతాను, ఆయన పక్కన కూర్చుంటాడు. చెరువు కట్ట పైనున్న మలుపు దాకా తీసుకెళ్లి ఇంజను ఆపుతాను. ఆపితేనే ఆయనకి తృప్తి. పది నిమిషాలు నీళ్ల వంక చూస్తాడు. మళ్లీ స్టార్ట్ చెయ్యగానే ఆ వెనకాల ఉరుముకి ఎడం చెయ్యి తొడ మీద కొట్టుకుంటాడు. వారం మొత్తంలో ఆయన మొహంలో రక్తం కనిపించేది ఆ ఒక్క క్షణమే.

పోయిన ఆదివారం ఆ ఉరుము రాలేదు. బటన్ నొక్కితే టిక్ టిక్ అంది. అంతే. ఇంట్లో బయల్దేరేటప్పుడే వ్యాన్ బ్యాటరీతో తీగలు కలిపి లేపాను, ఆ సంగతి కోడలుగారికి చెప్పలేదు. మలుపు దగ్గర ఆపకుండా ఉండాల్సింది. ఆపమని ఆయన బటన్ వైపు వేలు చూపిస్తే కాదనలేకపోయాను. రెండు గంటలు. చెట్టు నీడ కూడా లేదు. ఆ లోతు సీట్లోంచి ఆయన్ని ఒక్కణ్ణే లేపలేను. చొక్కా విప్పి అద్దానికి అడ్డం కట్టాను. ఆయన బట్టలు తడిసిపోయాయి. "ఊ, ఊ" అంటూ కళ్లు మూసుకున్నాడు. బండి లాగే లారీ వెనకాలే కోడలుగారు వ్యాన్‌లో వచ్చింది. నన్ను ఒక్క మాటా అనలేదు. బుధవారం దాకా దాచిపెట్టుకుంది.

నాకు యాభై నాలుగు. కుడి కంట్లో పొర. ఈ చెరువు దారి నాకు అరచేతిలో గీతలంత తెలుసు కాబట్టి నడిచిపోతోంది, ఇంకో చోట నన్నెవరు పెట్టుకుంటారు? ఆ గది పోతే మా ఆవిణ్ణి తీసుకుని ఎక్కడికి వెళ్లాలో నాకు నిజంగా తెలీదు. ఆ గదే మా ఇల్లు, ఆ బండే మా బతుకు. ఆ బండి చూస్తే ఏడు రోజులు కదలకుండా నిలబడితే చాలు, చచ్చిపోతోంది.

చెయ్యనిది లేదు. గదిలోంచి వైరు లాగి చార్జరు పెట్టాను, సాకెట్టు కాలింది. పెద్దింట్లోంచి లాగుతానంటే, వాకిట్లో వైరు పడుంటే కుర్చీ చక్రానికి చుట్టుకుంటుందని కోడలుగారు వద్దంది. బ్యాటరీ తీగ ఊడదీసి ఉంచాను. మళ్లీ పెట్టేసరికి బండి అన్నీ మరిచిపోయింది. అద్దం దిగలేదు, స్టీరింగ్ బొమ్మ ఎర్రగా వెలిగింది. కంపెనీవాళ్లు లాప్‌టాప్‌తో వచ్చి సరిచేసి, "ఇంకోసారి ఇందులో వేలు పెట్టించకండి" అని నా ముందే ఆవిడకి చెప్పి వెళ్లారు. బండి తాళంచెవిలో ఉండే బిళ్ల బ్యాటరీ కూడా ఈ మధ్య ఊరికే అయిపోతోంది, మూడుసార్లు మార్చాను. కాలం బాగోకపోతే బిళ్లకి కూడా లోకువే అనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం మీటరుని పిలిచాను. మీటరంటే మనిషే. బండ్ల కరెంటు పని చేస్తాడు, నలభై ఏళ్లుంటాయి, తల మీద వెంట్రుక లేదు, మెడలో ఎప్పుడూ మీటరు వేలాడుతుంటుంది. అందుకే ఆ పేరు. వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అన్నా, దీన్ని తాకితే నా షాపు అమ్మినా సరిపోదు కదా?"

"తాకు, నేనున్నాను."

"నువ్వున్నావనే భయం."

ముందు మూత తెరిచాడు. మూత గొళ్లేన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి, మూత మూసే ఉందని బండిని నమ్మించాడు. ఒక తీగ పక్కనుంచి కలిపి, కరెంటు తెగకుండా మెడలోని మీటరుని బ్యాటరీకీ తీగకీ మధ్యలో దూర్చాడు. తలుపులు వేయించాడు.

"ఇప్పుడు దీనికి నిద్రపట్టాలి," అన్నాడు. "లోపల ఇరవై కంప్యూటర్లుంటాయి. బండి ఆపి అరగంట అయితే ఒక్కొక్కటే పడుకుంటాయి. అన్నీ పడుకున్నాక పాయింట్ సున్నా రెండో మూడో ఆంపియరు కరెంటు తాగుతుంది, అంతకంటే తాగకూడదు. దీంట్లో ఏదో ఒకటి పడుకోవట్లేదు. అది ఎవరో పట్టుకోవాలి."

"సరే."

"తాళంచెవి ఎక్కడుంది?"

చొక్కా పై గుండీ పెట్టుకున్నాను.

"ఇంట్లో ఉంది," అన్నాను.

తాళంచెవి ఎక్కడుందంటే, నల్ల బూటు లేసుకి కట్టి నా మెడలో, చొక్కా లోపల, గుండె మీద ఉంది. ఇరవై రెండేళ్ల కిందట నేను వేరే చోట పనిచేసేవాణ్ణి. అక్కడ ఒకడు నవ్వుతూ "తాళం ఎక్కడుందన్నా" అని అడిగాడు. మేకుకి ఉందని చెప్పాను. మర్నాడు బండి లేదు. వాడు దొరకలేదు, నేను దొరికాను. పదకొండు రోజులు స్టేషన్లో ఉంచారు. ఎడం చెవి ఇప్పటికీ సరిగా వినపడదు. బయటికొచ్చాక నన్ను గేటు లోపలికి రానిచ్చిన మొదటి మనిషి పెద్దాయన. ఈ బండి కొన్న రోజున లేసు తనే ముడేసి నా మెడలో వేసి, "ఇది ఇక్కడే ఉండాలిరా, నేనడిగినా ఇవ్వకు" అన్నాడు. ఆరేళ్లయింది. స్నానానికి కూడా తియ్యను, ప్లాస్టిక్ కవరు చుట్టుకుంటాను. ఒకసారి కోడలుగారు అడిగితే, "పెద్దాయన చెప్తేనే అమ్మా" అన్నాను. అప్పటికే ఆయనకి మాట లేదు. ఆవిడ ఆ రోజు నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మీటరు అరగంట ఆగాడు. నేను పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను, వాడి చేతుల మీంచి కళ్లు తిప్పకుండా. అంకె పాయింట్ నలభై రెండు దగ్గర నిలబడింది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాడు. ఒకటి పీకితే కాస్త తగ్గుతుంది, ఇంకోటి పీకితే ఇంకాస్త. ఒక్క చోట దొరకదు.

"అన్నీ ఒకదాన్నొకటి లేపుకుంటున్నాయన్నా. ఒకడు దగ్గితే ఇల్లంతా లేచినట్టు. మెయిన్ బాక్సు పోయినట్టుంది నాకు."

ఆ మాటే వెళ్లి కోడలుగారికి చెప్పాడు. బాక్సు బయటి దేశం నుంచి రావాలి, ఆరు వారాలు పడుతుంది. ఆవిడ నవ్వింది. "ఆరు వారాలు!" అని ఒక్క మాట.

గేటు దగ్గర మీటరు చెయ్యి పట్టుకున్నాను. "ఆదివారం దాటిస్తే చాలు తమ్ముడూ."

"శనివారం నా పెద్ద చార్జరు తెస్తాను, ఒక్క పూట పెద్దింట్లోంచి వైరు లాగనివ్వమని కోడలుగారిని నేను అడుగుతాను. అప్పటిదాకా మీటరు అలాగే ఉంచుతున్నాను. గంటకోసారి అంకె చూసి కాగితం మీద రాయి. బండి మీద చెయ్యి మాత్రం వెయ్యకు. ఎప్పుడైనా నిద్రపోతుందేమో చూద్దాం."

గురువారం అంతా రాశాను. పాయింట్ నలభై రెండు. పాయింట్ నలభై ఒకటి. పాయింట్ నలభై రెండు. రాస్తుంటే ఎవడో నా నరానికి గొట్టం పెట్టి తాగుతున్నట్టుంది.

శుక్రవారం పొద్దున మా ఆవిడతో, "నువ్వు రాస్తుండు, నేను ఒక చోటికి వెళ్లొస్తాను" అన్నాను. ఎక్కడికని అడగలేదు. ఇస్త్రీ చొక్కా తీసిచ్చింది. దాంతోనే తెలిసింది తనకి అర్థమైందని.

బస్టాండు వెనకాల ట్రావెల్స్ ఆఫీసులో డ్రైవర్లు కావాలని బోర్డు ఉంది. మేనేజరు నా కొడుకు వయసువాడు. లైసెన్సు తిప్పి తిప్పి చూశాడు. "బాబాయ్, ఎడం కన్ను మూసి ఆ ఎదురుగా ఉన్న బస్సు నంబరు చదువు" అన్నాడు.

మూశాను. బస్సు ఉందని తెలుస్తోంది. నంబరు ఉన్న చోట తెల్లగా పాలు ఒలికినట్టుంది.

"ఏడు," అన్నాను. "ఏడు... మూడు..."

"పోన్లే బాబాయ్," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. వెనకాల క్లీనరెవరో "అది బస్సు కాదు, వాటర్ ట్యాంకరు" అని మెల్లిగా అనడం నా మంచి చెవికే వినపడింది. నవ్వులు గేటు దాటేదాకా వినపడ్డాయి.

షెడ్డుకి తిరిగి వచ్చేసరికి పన్నెండు. మా ఆవిడ స్టూలు మీద కూర్చుని చీర అంచు కుట్టుకుంటోంది. కాగితం తీసి చూశాను. నా అంకెల కింద తన గుండ్రటి అక్షరాలు. పదిన్నరకి పాయింట్ సున్నా రెండు. పదకొండున్నరకి పాయింట్ సున్నా రెండు.

"ఇదేంటి, కళ్లు నెత్తికెక్కాయా? నాలుగు ఎక్కడ పోయింది?"

"ఉన్నదే రాశాను."

"ఇటు రా, చూడు. ఏముంది? నలభై రెండు కాదూ?"

వచ్చి చూసింది. "ఇందాక లేదు."

"ఇందాక లేక ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది, నా వెనకాల నడిచి వచ్చిందా?"

"నా మీద అరవకు. పొర నీ కంట్లో ఉంది, నా కంట్లో లేదు." సూది చీరకి గుచ్చి లేచింది. "నువ్వెళ్లిన అరగంటకి తగ్గింది. నువ్వు రాగానే పెరిగింది. నిన్ను చూస్తే దానికీ ఒళ్లు మండుతుందేమో."

ఎగతాళికే అంది. కానీ ఆ మాట నా లోపల ఎక్కడో పడి కూర్చుంది. బిళ్ల బ్యాటరీ మూడుసార్లు మార్చడం గుర్తొచ్చింది. మీటరు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

"ఇక్కడే ఉండు," అన్నాను. "అంకె మీంచి చూపు తియ్యకు."

గేటు దాటి రోడ్డు అవతలికి వెళ్లి నిలబడ్డాను. మిట్టమధ్యాహ్నం. పాల వ్యాన్‌వాడు ఆగి, "ఏంటి, ఇంట్లోంచి గెంటేశారా?" అన్నాడు. ఇంకా లేదన్నాను. అరగంటకి అయిదు నిమిషాలు తక్కువలో మా ఆవిడ షెడ్డు గుమ్మంలోకి వచ్చి రెండు వేళ్లు చూపించింది. పాయింట్ సున్నా రెండు. నేను నడిచాను. గేటు. వాకిలి. నీళ్ల ట్యాంకు. షెడ్డు గుమ్మం. వ్యాన్ దాటి బండి తలుపు పక్కకి రాగానే మా ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"పెరిగింది."

లేసు మెడలోంచి తీశాను. ఆరేళ్లలో మొదటిసారి. పెట్టడానికి చోటు కనపడలేదు. మేకు వంక చూసి తల తిప్పుకున్నాను. చివరికి మా ఆవిడ చేతిలో పెట్టి, "ఆ ట్యాంకు అవతలికి తీసుకెళ్లు. నేను పిలిచేదాకా రాకు" అన్నాను.

ఒంటరిగా స్టూలు మీద కూర్చున్నాను. బండి పక్కనే, మూరెడు దూరంలో. అరగంటకి అంకె జారింది. ముప్పై. పద్నాలుగు. సున్నా రెండు. అక్కడ నిలిచిపోయింది. నేను దగ్గాను, లేచి నడిచాను, ఏం కాలేదు. నా మీద దానికేం కోపం లేదు. ఆ తాళంచెవి పెట్టి తిప్పేది కాదు, దగ్గరికొస్తే చాలు బండి పసిగడుతుంది. అది పక్కనున్నంతసేపూ యజమాని వచ్చాడనుకుని లేచి కూర్చుంటోంది. పగలంతా నేను షెడ్డులో తుడుస్తూ, రాత్రంతా మంచం మీద, ప్లైవుడ్‌కి ఇవతల. మూడు నెలలుగా దాన్ని ఒక్క గంట కూడా పడుకోనివ్వలేదు. రెండు బ్యాటరీల్ని నేనే చంపాను. ఆ ఎండలో ఆయన్ని నేనే కూర్చోబెట్టాను.

సాయంత్రం పెద్దింటి వెనక గుమ్మం దగ్గర నిలబడి తాళంచెవి కోడలుగారికి ఇచ్చాను.

"ఇదేంటి?"

"ఇంట్లో ఉంచండమ్మా."

"నేనడిగినప్పుడు ఇవ్వలేదు కదా మీరు?" లేసు వేలికి చుట్టుకుని నా మొహంలోకి చూసింది. "మానేస్తున్నారా?"

"లేదమ్మా. ఇంట్లో ఉంటే మంచిదని."

అంతకంటే చెప్పలేదు. చెప్తే ఆదివారం దాకా కూడా ఉంచదని భయం. ఆవిడ సొరుగులో పడేసింది. ఆ చప్పుడు విన్నాను.

శనివారం మీటరు చార్జరు మోసుకుని వచ్చాడు. కాగితం చూసి, "అరె, పడుకుంది! ఏం చేశావన్నా?" అన్నాడు.

చెప్పాను. మొదట పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు.

"నేనడిగాను కదన్నా. తాళంచెవి ఎక్కడుందని అడిగాను కదా."

"అడిగావు."

"ఇంట్లో ఉందన్నావు. అప్పుడు నీ మెడలోనే ఉందా?"

తలూపాను.

"నన్ను దొంగననుకున్నావు." నవ్వు మొత్తం పోయింది. "పదేళ్లుగా నీ బండ్లూ లైట్లూ చూస్తున్నాను. మీ ఆవిడ చేతి టీ తాగుతున్నాను. బాక్సు పోయిందని నేను ఆ తల్లికి చెప్పాను. రేపు బండి లేస్తే, లేని రోగం చెప్పి డబ్బు గుంజబోయానంటుంది. నా పేరేం కావాలి?"

"ఆదివారం దాటనీ, నేనే చెప్తాను."

"నువ్వు చెప్తావా, నేను చెప్పనా? ఇదొక్కటి తేల్చు."

"నేనే చెప్తాను తమ్ముడూ."

"తమ్ముడూ అనకు ఇప్పుడు," అన్నాడు. చార్జరు మాత్రం పెట్టాడు. సాయంత్రం దాకా బ్యాటరీ నింపి, మీటరు తీసి, తీగ బిగించి, కూలి తీసుకోకుండా వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆదివారం పదింటికి కోడలుగారు తాళంచెవి ఇచ్చింది. జేబులో వేసుకున్నాను. బటన్ మీద వేలు పెట్టాను. నొక్కాను. వెనకాల ఉరిమింది. ప్లైవుడ్ గోడ అదిరింది. కుర్చీలో ఉన్న పెద్దాయన ఎడం చెయ్యి గాల్లోకి లేచింది. కోడలుగారు కనుబొమ్మలు ఎత్తింది.

మలుపు దగ్గర బండి పక్కకి తీసి ఇంజను ఆపకుండా ఉంచాను. ఆయన బటన్ వైపు వేలు చూపించాడు.

"ఈ వారం వద్దండి."

"ఊఊ." కాదని. మళ్లీ వేలు.

ఆపాను. నీళ్ల మీద గాలి తప్ప చప్పుడు లేదు. పోయిన వారం ఆయన కూర్చున్న సీటే అది, అదే ఎండ. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. అక్కడ చెప్పాను. మీటరుకి అబద్ధమాడింది, మంచం, ప్లైవుడ్, అన్నీ చెప్పాను. "మీరు వేసిన లేసేనండి. అదే తాగింది," అన్నాను. ఆయన తల తిప్పి చాలాసేపు చూశాడు. ఎడం చెయ్యి మెల్లిగా వచ్చి నా కాలరు దగ్గర తడిమింది. లేసు లేదు. ఇంకోసారి తడిమింది. కాలరు పట్టుకుని వదల్లేదు.

"ఊ," అన్నాడు. పొట్టిగా. ఔనో కాదో, తిట్టో, నాకు తెలీలేదు. ఇరవై రెండేళ్లలో ఆయన మాట నాకు అర్థం కానిది అదొక్కటే.

బటన్ నొక్కాను. లేచింది.

ఆయన్ని మంచం మీద పడుకోబెట్టాక వంటింట్లో కోడలుగారికి మొత్తం చెప్పాను. నిలబడే చెప్పాను. మీటరు తప్పేం లేదని రెండుసార్లు చెప్పాను. ఆవిడ గిన్నె కడుగుతూ మొదలుపెట్టి, మధ్యలో కుళాయి కట్టేసింది.

"రెండు గంటలు," అంది. "ఆ బట్టలు నేను మార్చాను. ఆయన నా మొహం చూడలేకపోయాడు, తెలుసా మీకు?"

"తెలుసమ్మా."

"నేనడిగిన రోజే ఇచ్చి ఉంటే?"

ఇక సంచి సర్దుకోవడమే అనుకున్నాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని అరచెయ్యి చాపింది. జేబులోంచి తీసి పెట్టాను. లేసు ముడి కత్తెరతో కత్తిరించి లేసు నాకు తిరిగిచ్చింది. తాళంచెవి సొరుగులో వేసి మూసింది.

"సోమవారం వాళ్లని రావద్దంటాను. ప్రతి ఆదివారం పది గంటలకి వచ్చి అడగండి, ఇస్తాను. రాగానే తిరిగిచ్చెయ్యండి."

గది నిలబడింది. మా ఆవిడ ఆ మాట విని మంచం మీద కూలబడి ఏడ్చింది, ఆ తర్వాత లేచి ఇస్త్రీ చొక్కా మడతపెట్టి పెట్టెలో దాచింది. మీటరు ఫోన్ ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తడు. రాత్రి పక్కకి తిరిగినప్పుడల్లా చెయ్యి దానంతటదే గుండె మీదికి వెళ్లి వెతుక్కుంటోంది.

తర్వాతి ఆదివారం పదికి పది నిమిషాలు తక్కువకే వెళ్లి వెనక గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆవిడ ఫోన్లో ఉంది. ఉండమని చెయ్యి చూపించింది. ఉన్నాను. లోపల పెద్దాయన చక్రాల కుర్చీ చప్పుడవుతోంది, త్వరపడుతున్నాడు.

"అమ్మా, తాళం," అన్నాను.

సొరుగు తెరిచిన చప్పుడైంది. చెయ్యి చాపాను.